మానుగూడ దాకా సరిపోయే పెట్రోలు

జ్ఞానానందం పాలకొండ దగ్గర ఒక మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. కొండ మీది గూడేలకు మందులు చేరవేసే పని కూడా అతనిదే. అందుకోసం ఆసుపత్రివాళ్లు అతనికొక పాత మోటారు సైకిలు ఇచ్చారు. సీతంపేట దాటితే తారు రోడ్డుండదు. రాళ్లు, బురద, అడ్డంగా పారే గెడ్డలు. ఆ దారిలో ఎక్కడా పెట్రోలు దొరకదు. బయల్దేరే ముందే ట్యాంకులో ఎంతుందో, అది ఎంత దూరం లాగుతుందో తెలిసి ఉండాలి.

జ్ఞానానందానికి తెలుసు. ఒక వెదురుపుల్ల మీద చాకుతో గాట్లు పెట్టుకున్నాడు. మూత తీసి పుల్ల ముంచితే, తడి ఎన్నో గాటు దాకా వస్తే అన్ని లీటర్లు. తారు రోడ్డు మీద లీటరుకి ముప్ఫయ్యారు కిలోమీటర్లు. కొండదారిలో ఇరవై. ఆరేళ్లుగా ఇదే లెక్క. ఆరేళ్లలో బండి ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. ఆ సంగతి ఎవరైనా అంటే పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, లోపల చాలా పొంగిపోయేవాడు.

అతనికి తోడబుట్టినది ఒక్కతే, జ్ఞానసుందరి. అతనికన్నా పన్నెండేళ్లు చిన్న. అమ్మ పోయాక అతనే పెంచాడు. టీచరు ట్రైనింగు చదివించాడు. కొండ మీద ఎగువ మానుగూడలో మిషను బడి పెడుతున్నారంటే, అక్కడ ఉద్యోగం వేయించినదీ అతనే. "అంత ఎత్తున ఒక్కదాన్నీ ఉండాలా అన్నయ్యా?" అని ఆమె భయపడితే, "నేను నెలకి రెండుసార్లు వస్తాను కదా, బండి సప్పుడు ఇనపడగానే టీనీళ్లు పెట్టు" అన్నాడు. నాలుగేళ్లుగా అలాగే జరిగింది.

అది అరవయ్యెనిమిది ఆగస్టు. పది రోజులుగా వానలు. ఒక ఉదయం తొమ్మిదిగంటల వేళ బుల్లమ్మ ఆసుపత్రి గేటు దగ్గర కనిపించింది. ఆమె మానుగూడ బడిలో పిల్లలకు వంట చేస్తుంది. ముప్ఫయ్యేళ్ల మనిషి. మోకాళ్ల దాకా బురద. జ్ఞానానందాన్ని చూడగానే అక్కడే కూలబడింది.

"ఏటయింది బుల్లమ్మా?"

"వాంతులు, యిరోసనాలు బావూ. గూడెంలో పదిమందికి పట్టేసినాది. ఇద్దరు సచ్చిపోనారు. మా అమ్మకీ పట్టేసినాది." కాస్త ఊపిరి తీసుకుంది. "పంతులమ్మ సాప మీంచి నెగనేకపోతన్నాది. నిన్న పొద్దుట్నించీ ఒకటే పోత. 'అన్నయ్యకి సెప్పు, సీసాలు అట్టుకుని బేగి రమ్మను' అన్నాది. నిన్న సాయంత్రం కొండ దిగడం మొదలెట్టినాను."

కలరా. జ్ఞానానందానికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. సెలైన్ ఎక్కిస్తే మనిషి గంటలో లేచి కూర్చుంటుంది. ఎక్కించకపోతే సాయంత్రానికి ఉండదు.

డాక్టరు డేవిడ్‌రాజు స్వయంగా స్టోరు తెరిచి పన్నెండు సెలైన్ సీసాలు తీసి ఇచ్చాడు. సీసాలకు గడ్డి చుట్టి, రెండు గోనెసంచుల్లో ఆరేసి సర్ది, వెనక చక్రానికి చెరోవైపు కట్టారు. సూదులు, గొట్టాలు ఉన్న పెట్టె జ్ఞానానందం మెడలో వేసుకున్నాడు.

"పెట్రోలుందా?" అన్నాడు డాక్టరు. "బంకులో రెండు రోజుల్నించీ లేదు. నాగావళి పొంగి లారీ రాలేదట."

జ్ఞానానందం పుల్ల తీసి ముంచాడు. తడి నాలుగో గాటు దాటింది.

"నాలుగు లీటర్లుంది సార్. సీతంపేట దాకా పద్దెనిమిది కిలోమీటర్లకి అరలీటరు. అక్కణ్నించి ముప్ఫై, లీటరున్నర. వెళ్లడానికి రెండు, రావడానికి రెండు."

"ఎందుకైనా మంచిది, నా జీపులోంచి రెండు లీటర్లు లాగి పోస్తాను. జీపు ఎలాగూ ఆ ఇరుకు దారిలో పట్టదు. పది నిమిషాల పని."

"అక్కర్లేదు సార్. సరిపోతుంది."

చెల్లెలు అక్కడ ప్రాణం మీద ఉంటే పది నిమిషాలు ఎందుకు పోగొట్టాలి అనుకున్నాడు. అది నిజమే. కానీ తన పుల్ల మీద డాక్టరుకి నమ్మకం లేకపోవడం అతనికి కొంచెం గుచ్చుకుంది. అదీ నిజమే.

బుల్లమ్మ ఇంకా గేటు దగ్గరే కూర్చుని ఉంది. "నాను నడిసొచ్చేత్తాను బావూ, మీరు ఎల్లండి" అంది. ఆమె కాళ్లు చూశాడు. అరికాలు పగిలి నెత్తురు కారుతోంది. అక్కడ ఆమె తల్లి చావుబతుకుల్లో ఉంది.

"ఎక్కు," అన్నాడు.

సీతంపేట దాకా బండి బాగానే వెళ్లింది. ఆ తరువాత దారి అతనికి తెలిసిన దారిలా లేదు. వానకి మట్టి కొట్టుకుపోయి రాళ్లు పళ్లలా పైకి తేలాయి. రెండో గేరు వేయడానికే వీల్లేదు. వెనక చక్రం బురదలో గిర్రున తిరుగుతోంది గానీ ముందుకు పాకడం లేదు. ఇంజను అరుస్తోంది. అంత అరుపుకి ఎంత తాగుతోందోనని అతనికి గుబులు మొదలైంది. అయినా నాలుగు లీటర్లు ఉన్నాయి కదా అనుకున్నాడు.

సీతంపేట దాటి పది కిలోమీటర్లు వెళ్లేసరికి ఇంజను దగ్గింది. మళ్లీ దగ్గి ఆగిపోయింది.

జ్ఞానానందం ట్యాంకు కింద పెట్రోలు మీట తిప్పాడు. బండి మళ్లీ అందుకుంది. అంటే ఇక రిజర్వు మీద నడుస్తోంది. ముప్పావో, లీటరో మిగిలి ఉంటుంది. అంతే. మిగతాదంతా ఏమైపోయింది? ట్యాంకు కారుతోందేమోనని దిగి చూశాడు. కింద తడి లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడూ బండిని నిటారుగా, పెద్ద స్టాండు మీద నిలబెట్టి పుల్ల ముంచుతాడు. ఇవాళ ఆసుపత్రి ముంగిలి బురదలో పెద్ద స్టాండు దిగబడుతుందని పక్క స్టాండు వేశాడు. బండి ఎడమకి వాలి ఉంది. పెట్రోలంతా ఆ మూలకి చేరింది. పుల్లా అక్కడికే దిగింది. ఉన్నది నాలుగు లీటర్లు కాదు, రెండు.

"ఏటయింది బావూ?" అంది బుల్లమ్మ.

"ఏం లేదు."

వెనక్కి తిరిగి లాభం లేదు, సీతంపేటలో పెట్రోలు దొరకదు. ఇంకా ఇరవై కిలోమీటర్లుంది. ఈ దారిలో లీటరుకి పద్నాలుగు కూడా రావడం లేదు. అయినా ఆశ పడ్డాడు. పల్లం వచ్చినచోటల్లా ఇంజను ఆపేసి బండిని జారనిచ్చాడు. ఎక్కుడు వచ్చినచోటల్లా బుల్లమ్మని దిగమన్నాడు. ఆమె పగిలిన కాళ్లతో వెనకనుంచి తోసింది. అతను చెప్పకుండానే అర్థమైపోయింది ఆమెకి.

"పెట్రోలు సాలదా బావూ?"

అతను హ్యాండిలు పట్టుకుని తోశాడు.

అడ్డగెడ్డ వాగుకి కాస్త ఇవతల బండి ఆగిపోయింది. ట్యాంకులో రెండో పక్కన చుక్కలేమైనా మిగిలి ఉంటాయేమోనని ఇద్దరూ కలిసి బండిని నేలకి వాల్చినంత పని చేసి ఎత్తారు. రెండు వందల అడుగులు నడిచి గెడ్డ ఒడ్డున మళ్లీ ఆగింది. అంతే. పన్నెండున్నర అయింది. మానుగూడ ఇంకా తొమ్మిది కిలోమీటర్లుంది. అంతా ఎక్కుడే.

బుల్లమ్మ ఒక గోనెసంచి విప్పి నెత్తికెత్తుకుంది. రెండోది అతను భుజాన వేసుకున్నాడు. గెడ్డలో నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. అవతలి ఒడ్డు ఎక్కుతుంటే అతను జారి పడ్డాడు. రెండు సీసాలు పగిలాయి. గడ్డిలోంచి సెలైన్ కారి వీపు తడిసింది. కూర్చుని ఏడవాలనిపించింది. ముందు నడుస్తున్న బుల్లమ్మ వెనక్కి తిరిగి, "నెగండి బావూ, నెగండి" అని అరిచింది. లేచాడు. ఆ తరువాత ఎంతసేపు నడిచాడో, ఎక్కడెక్కడ ఆగాడో అతనికి సరిగ్గా తెలియలేదు.

మూడు దాటాక మానుగూడ చేరారు. బడి వసారాలో ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. అతన్ని చూసి పక్కకి తప్పుకున్నారు. జ్ఞానసుందరి చాప మీద ఉంది. కళ్లు లోపలికి పోయి, వేళ్ల చర్మం ముడతలు పడి, ఇరవయ్యెనిమిదేళ్ల మనిషి ముసలిదానిలా ఉంది. ఎవరో మొహం తుడిచి జుట్టు సర్దారు.

గూడెం పెద్దమనిషి భార్య గున్నమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఇందాకే బావూ. ఓ గంట అయ్యుంటాది. పొద్దుట్నించీ 'మా అన్నయ్య బండి సప్పుడు ఇనిపిస్తన్నాది, టీనీళ్లు ఎట్టండి' అంటానే ఉన్నాది. మాకేటీ ఇనపడనేదు."

జ్ఞానానందం చెల్లెలి పక్కన కూర్చున్నాడు. చెయ్యి ఇంకా పూర్తిగా చల్లబడలేదు. మణికట్టు పట్టుకున్నాడు, అలవాటుకొద్దీ నాడి వెతికాడు. లేదని తెలిసినా వదల్లేదు.

"బావూ," అంది బుల్లమ్మ వెనకనుంచి. "మా అమ్మ ఇంకా ఊపిరి తీస్తన్నాది."

అతను లేచాడు. తొమ్మిదిమంది రోగులు, పది సీసాలు. సూదులు మరిగించాడు. ఒక్కొక్కరికీ నరం వెతికి ఎక్కించాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బుల్లమ్మ సీసా ఎత్తి పట్టుకుని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి తిరిగింది. తొమ్మిదిమందిలో ఏడుగురు బతికారు. బుల్లమ్మ తల్లి సాయంకాలానికి కళ్లు తెరిచి గంజి అడిగింది.

మరునాడు బడి వెనక గొయ్యి తవ్వారు. పాస్టరు రావడానికి దారి లేదు. జ్ఞానానందమే ప్రార్థన చెయ్యాలి. బైబిలు తెరిచాడు గానీ అక్షరాలు కనిపించలేదు. "ప్రభువా" అన్నాడు. ఆ తరువాత మాట రాలేదు. గూడెంవాళ్లు కాసేపు చూసి మట్టి వేశారు.

అందరూ వెళ్లిపోయాక బుల్లమ్మ వచ్చి కాస్త దూరంగా కూర్చుంది.

"నాను ఎక్కబట్టే కదా బావూ?"

"ఏటి?"

"పెట్రోలు. నాను బండెక్కకపోతే పంతులమ్మకి సీసాలు అందిపోయుండేవి. నాను బరువైపోనాను."

జ్ఞానానందం తల అడ్డంగా ఊపాడు. "కాదు బుల్లమ్మా. తప్పు నాది. బండి ఒరిగి ఉంటే పుల్ల ముంచాను. డాక్టరుగారు పోస్తానన్నారు, నేనే వద్దన్నాను. నువ్వు ఎక్కకపోయినా ఆగిపోయేది."

"ఎంత దూరంలో ఆగిపోయుండేది?"

అతను ఆగాడు. లెక్క అతని బుర్రలో అప్పటికే జరిగిపోయింది. రాత్రంతా అదే లెక్క. ఒక్కడే అయితే లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కువ లాగేదేమో. ఇంకో మూడు కిలోమీటర్లు ముందుకెళ్లి ఆగేది. ముప్పావుగంట నడక తగ్గేది. ఎక్కుడు దగ్గర ఆగి తోసుకునే పని లేకపోతే ఇంకో పావుగంట. గున్నమ్మ ఓ గంట అంది. కానీ పన్నెండు సీసాలూ ఒక్కడే ఎలా మోసేవాడు? ఆ లెక్క తేలలేదు.

"అక్కడే," అన్నాడు. "అడ్డగెడ్డ దగ్గరే ఆగేది."

అతను అబద్ధమాడుతున్నాడని ఆమెకి తెలిసిపోయింది. ఆ ఆగడంలోనే తెలిసిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని అలాగే కూర్చుంది. నువ్వు లేకపోతే మీ అమ్మ బతికేది కాదు అందామనుకున్నాడు. అంటే దానికి వెల ఎవరో ఇద్దరికీ గుర్తొస్తుందని ఊరుకున్నాడు.

మూడో రోజున ఆసుపత్రి మనుషులు డబ్బాలో పెట్రోలు మోసుకొచ్చి బండిని కొండ కిందికి తెచ్చారు. జ్ఞానానందం దాన్ని నడపలేదు, కాలినడకన దిగాడు. డాక్టరు డేవిడ్‌రాజు ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరు పోస్తానన్నారు సార్," అన్నాడు జ్ఞానానందం.

"ఆ సంగతి వదిలెయ్యి జ్ఞానానందం. ఏడుగుర్ని నిలబెట్టావు."

డాక్టరు ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఇంటికెళ్తే భార్య కూడా తిట్టలేదు. ఎవరూ తిట్టలేదు. చర్చిలో అతని పేరెత్తి దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. ఆ ఆదివారం తరువాత అతను చర్చికి వెళ్లడం మానేశాడు. కొండపని వేరేవాళ్లకి ఇప్పించి, మందులిచ్చే కిటికీ దగ్గర కూర్చున్నాడు. కొత్తగా బండి తీసుకున్నతను మొదటిరోజే వచ్చి, "లీటరుకి ఎంత వస్తుందండీ?" అని అడిగాడు. జ్ఞానానందం తెలియదన్నాడు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం కిటికీ ముందు ఒక ముసలమ్మ నిలబడింది. పక్కన బుల్లమ్మ.

"నన్ను ఆనవాలు పట్టినావా నాయినా?" అంది ముసలమ్మ. "నీ సీసాయే నన్ను బతికించినాది. నువ్వు సల్లగుండాల. నీ కడుపు సల్లగుండాల." కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని చెయ్యి పట్టుకుంది. వెచ్చగా, గరుకుగా ఉందా చెయ్యి. అతను లాక్కోలేకపోయాడు.

బుల్లమ్మ తల ఎత్తలేదు. బాగా చిక్కిపోయింది. "బడి నడుస్తన్నాదా?" అని అడిగాడు.

"నేదు బావూ. పంతులమ్మలు ఎవులూ రావటం నేదు." తల్లి భుజం పట్టుకుంది. "నడు అమ్మా. బావుకి పనుంటాది. పొద్దుండగా సీతంపేట సేరాల."

చీటీ చూసి మందు బిళ్లలు కట్టి ఇచ్చాడు. ఇద్దరూ గేటు దాటి సీతంపేట రోడ్డు మీదికి వెళ్లారు. ముసలమ్మ ముందు నడుస్తోంది, బుల్లమ్మ నాలుగడుగులు వెనక. కిటికీ ముందు వరసలో ఉన్నవాళ్లు చీటీలు చాపి పిలుస్తున్నారు. జ్ఞానానందానికి వినబడుతూనే ఉంది గానీ చెయ్యి కదల్లేదు.