నోయెలీ పారిపోయే చోటు

ఉప్పు వాసన.

ఈ ఊళ్లో సముద్రం లేదు. చెరకు తోటలు, ఇటుక ఇళ్లు, కత్తిరించిన పచ్చగడ్డి... అంతే. అయినా కూతురి దుప్పటి ఎత్తితే ఉప్పు వాసన.

పక్క ఖాళీగా ఉంది.

మళ్లీ వెళ్లిపోయింది.

ఒడీల్ ఆ పక్క మీదే కూలబడింది.

తుఫాను వచ్చిన రోజు పడవను కట్టేసి వస్తానని వెళ్లిన భర్త మార్సెల్ తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆమె పిల్లను తీసుకుని పాయ దిగువ నుంచి ఎగువకు వచ్చేసింది. ఇక నీళ్ల మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది. మామగారు అల్సీద్ మాత్రం కదలలేదు. గుంజల మీద నిలబడ్డ ఆ ఇంట్లో ఒంటరిగా ఉండిపోయాడు.

అక్కడి నేల సముద్రంలోకి కరుగుతోంది. నీళ్లు పైకొస్తున్నాయి.

నోయెలీ అక్కడికే పోతుంది. పద్నాలుగేళ్ల పిల్ల. బడి ఎగ్గొట్టి, రొయ్యల లారీ వాళ్లను బతిమాలి ఎక్కి. ప్రతిసారీ పోలీసులు తెచ్చి దింపుతారు. ప్రతిసారీ ఒడీల్ అరుస్తుంది. అరుపు అయిపోయాక వణుకుతుంది — ఆ నీళ్లు దీన్నీ పట్టుకుపోతే?

ఆ వణుకులోనే కోర్టుకు వెళ్లి కన్నకూతురి మీద ఫిర్యాదు చేసింది.

పెద్దవాళ్లు ఇల్లు విడిచిపోతే ఎవరూ అడగరు. పిల్లలు విడిచిపోతే కోర్టు పిలుస్తుంది.

"పిచ్చిదానా, అక్కడ పిల్లల్ని తాళం వేసి పెడతారటే!" అంది పొరుగింటి ఆవిడ.

అప్పటి నుంచి ఒడీల్‌కు ముద్ద దిగలేదు.

కోర్టు గది చిన్నది. జడ్జి బాబినో, నెరిసిన జుట్టావిడ, ఎత్తు కుర్చీ దిగి వచ్చి తల్లీకూతుళ్ల బల్ల దగ్గరే కూర్చుంది.

"ఎందుకు పారిపోతున్నావమ్మా?"

"పారిపోవడం లేదండీ. ఇంటికి పోతున్నా."

"మరి మీ అమ్మ ఉండేది?"

"అది మా అమ్మ దాక్కునే చోటు."

ఒడీల్ చెవులు భగ్గుమన్నాయి.

"అక్కడికెళ్లి ఏం చేస్తావు?"

"తాత వల బాగుచేస్తుంటే దారం అందిస్తా. ఆయన నాన్న సంగతులు చెప్తాడు. ఇక్కడైతే..." పిల్ల తల్లి వైపు చూసింది. "ఇక్కడ నాన్న పేరు ఎత్తకూడదు."



జడ్జి ఒడీల్ వైపు తిరిగింది. "మీరు అక్కడికి వెళ్లి ఎన్నాళ్లయింది?"

"వెళ్లలేదండీ... తుఫాను తర్వాత వెళ్లలేదు."

తల వంచుకుని, తాళం చెవుల చప్పుడు కోసం ఎదురుచూసింది ఒడీల్.

ఆ చప్పుడు రాలేదు.

"ఈ పిల్లను బంధించి నేను సాధించేదేమీ లేదు," అంది జడ్జి. "ఫిర్యాదు పక్కన పెడుతున్నా. నోయెలీ, వారమంతా బడి. ఒక్కరోజు ఎగ్గొట్టినా మళ్లీ నా ఎదుటే ఉంటావు. మీ ఇద్దరితో కూర్చుని మాట్లాడటానికి ఒకావిడ వస్తుంది. ఇక శనివారాలు తాత దగ్గరికి — తీసుకెళ్లేది రొయ్యల లారీ కాదు. అమ్మ."

బయట ఎండ. ఎంత ఎండ! ఒడీల్ మెట్ల మీదే కూర్చుండిపోయింది. గుండెల్లోంచి బండరాయి ఎవరో దొర్లించేసినట్టు.

"అమ్మా... నన్ను లోపల వేయించాలనుకున్నావా?"

"కాదే తల్లీ. నిన్ను ఎవరైనా గట్టిగా పట్టుకుంటారనుకున్నా. నా చేతులు చాల్లేదు."

నోయెలీ వచ్చి పక్కన కూర్చుంది. భుజానికి భుజం ఆనించి.

శనివారం.

రోడ్డుకు అటూ ఇటూ నీళ్లు. ఉప్పు తాగి మోడైన చెట్లు. వంతెన దగ్గర ఒడీల్ కారు ఆపేసింది. పిల్ల తొందరపెట్టలేదు. అద్దం దించి, గూడబాతుల బారును చూస్తూ కూర్చుంది.

కారు మళ్లీ కదిలింది.

అల్సీద్ మెట్ల పైన నిలబడి ఉన్నాడు. "ఏమ్మా కోడలా! దారి ఇప్పటికి కనబడిందా? రొయ్యలు చల్లారిపోయాయి, రా రా!"

పైకెక్కారు. పాత కాగితాలు పరిచి, ఉడకబెట్టిన రొయ్యలు కుమ్మరించాడు ముసలాయన. ఒడీల్ ఒకటి ఒలిచింది. నోట్లో వేసుకుంది. కళ్లల్లో నీళ్లు — కారానికో, దేనికో.

"మామయ్యా," అంది. "మార్సెల్ ఇంత కారం వేసేవాడు కాదు."

నోయెలీ ఒలుస్తున్న చేతులు ఆగిపోయాయి.

ముసలాయన నవ్వాడు. "వాడా! వాడికి వంటేం తెలుసు..." అంటూ మొదలుపెట్టాడు.

ఇంటి కింద పోటు ఎక్కుతోంది. గుంజల్ని తడుముతూ... మెల్లగా... ఎక్కుతూనే ఉంది.