ఫొటో తెరుచుకోని పేజీ

కుర్చీలు అమ్మే కంపెనీలో అందరిదీ కూర్చునే పనే అయినా, కత్తెరది మాత్రం కూర్చోబెట్టే పని. ఆఫీసులో ఆమెను ఆ పేరుతోనే పిలిచేవారు. వెబ్‌సైటులోకి వచ్చే ప్రతి వ్యాసానికీ కొవ్వు తీసి, వంకర శీర్షికను తిన్నగా కూర్చోబెట్టేది. జనం గూగుల్లో ఏ ప్రశ్న కొడతారో ఆ ప్రశ్నే ఉపశీర్షిక కావాలి, జవాబు మొదటి పేరాలోనే దొరకాలి, వెతికే మాటను పేజీ నిండా పేలాల్లా చల్లకూడదు. దారి అడిగినవాడికి ముందు దారి చెప్పాలి, ఊరి చరిత్ర తరవాత చెప్పుకోవచ్చు అనేది.

ఆమె పై అధికారి ఎదురుగా ఉంటే సార్, వెనక్కి తిరిగితే మొదటిపేజీ. వెతికితే మన పేజీయే మొదట రావాలన్నది ఆయన జపం. అందుకు ఆయన చేసే తపం ఒకటే. ఏ వ్యాసం మొదటి స్థానానికి ఎక్కిందో చూసి, రాసినవాళ్ళ పేరు తీసేసి తన పేరు వేసేవాడు. పైనున్న బొమ్మ తీసేసి తన ఫొటో పెట్టేవాడు. పెద్ద మొహం కనబడితేనే పాఠకుడికి నమ్మకమట. పేజీ ఒకరిది, పోజు ఆయనది.

ఆ ఫొటో కూడా మామూలుది కాదు. స్టూడియోవాళ్ళు గోడకు తగిలించుకోమని ఇచ్చినంత బరువైనది. దాన్ని ఉన్నదున్నట్టు పెడితే పేజీ తెరుచుకునేలోగా పాఠకుడికి జుట్టు నెరుస్తుంది. కత్తెర ప్రతిసారీ చడీచప్పుడు లేకుండా ఆ ఏనుగును ఎలుకంత చేసేది. ఇంకో పనీ చేసేది. ప్రతి బొమ్మ వెనకా ఆల్ట్ టెక్స్ట్ అని ఒక వాక్యం ఉంటుంది. బొమ్మ తెరుచుకోకపోతే ఆ చోట కనిపించేది అదే, చూపు లేనివాళ్ళకు ఫోను చదివి వినిపించేదీ అదే. బొమ్మ మార్చినా పాత వాక్యం అలాగే ఉండిపోతుంది. ఆ సంగతి మొదటిపేజీకి తెలియదు. ఆయన మొహం వెనక ‘చక్రాల కుర్చీ, బూడిద రంగు’ అని ఉండిపోతే, అదీ ఆమే దిద్దేది.

ఇన్నాళ్ళూ ఊరుకుంది. వెన్నునొప్పి వ్యాసం దగ్గర మాత్రం ఊరుకోలేకపోయింది.

ఎందుకంటే ఆ వ్యాసం అత్తగారి నడుములోంచి పుట్టింది. ఆవిడ ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. కత్తెర ఆఫీసు నుంచి ఒక్కో రకం కుర్చీ మోసుకొచ్చి మిషను ముందు వేసేది. అత్తగారు కూర్చునేది, తిట్టేది, లేచేది. ఆ తిట్లన్నీ ఏరి రాస్తే వ్యాసమైంది. నడుము నొప్పికి ఏ కుర్చీ మంచిదని ఎవరు వెతికినా అదే మొదట వచ్చేది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఆవిడ ఫోను తెరిచి, మా కోడలు రాసిందని చూపించేది. ఒకరోజు అలాగే చూపిస్తే కోడలి పేరు లేదు. ఆ చోట మీసం కింద నవ్వుతూ మొదటిపేజీ ఉన్నాడు.

“నా నడుముకి వీడి మొహమేంటే?” అంది అత్తగారు ఆ సాయంత్రం.

“పాఠకులకి నమ్మకమట అత్తయ్యా.”

“నొప్పి నాది, రాత నీది. మధ్యలో వీడిదేంటి? నలుగురిలో నన్ను అబద్ధాలకోరుని చేశాడు. నా పేరు నువ్వు నిలబెడతావా, నన్నే రమ్మంటావా?”

మర్నాడు కత్తెర వెళ్ళి అడిగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పేరు కోసం పనిచేసేవాళ్ళు పైకి రారమ్మా అని హితవు చెప్పాడు. వెన్నునొప్పి మీద రాసినదానికే వెన్నుపోటు, దానిమీద నీతిబోధ. అప్పుడే ఆమె నిశ్చయించుకుంది. ఆ పేజీ మీదికి తన పేరు తిరిగి రావాలి. అది తనదని ఆయన నోటితోనే చెప్పాలి, అదీ అందరి ముందూ.

వెబ్‌సైటులో ఆఫీసు జీవితం అని ఒక శాఖ ఉంది. అందులో కత్తెర కొత్త వ్యాసం రాసింది: ‘మీ పనికి ఇంకొకరి పేరు పడుతోందా? ఇలా గుర్తించండి.’ ఒక్క అబద్ధం లేదు, ఒక్క పేరూ లేదు. కడుపు మండినవాళ్ళు వెతికే ప్రశ్నలే ఉపశీర్షికలు చేసింది. పాత వ్యాసాల నుంచి దీనికి లింకులు కలిపింది. తెలివైన మాటల్ని కోసి పారేసి, పనికొచ్చే మాటల్నే ఉంచింది. పైన ఒక బొమ్మ వేయించింది. అందులో ఒకడు ఇంకొకరి కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉంటాడు. దాని వెనక ఆల్ట్ టెక్స్ట్ కూడా శ్రద్ధగా రాసింది.

లోకంలో పేరు పోగొట్టుకున్నవాళ్ళకు కొదవా? వ్యాసం మెల్లగా పైకి పాకి, చివరికి మొదట వచ్చి కూర్చుంది.

మొదటిపేజీ అది చదివాడు, మెచ్చుకున్నాడు కూడా. వేరే కంపెనీల్లో ఇంత అన్యాయం జరుగుతోందా అని బాధపడ్డాడు. పిల్లి కళ్ళు మూసుకునేది పాలు తాగేటప్పుడే, అద్దం చూసేటప్పుడు కూడా మూసుకునే పిల్లి ఈయనొక్కడే. ఆ మధ్యాహ్నమే కత్తెర పేరు తీశాడు, తన పేరు వేశాడు, బొమ్మ స్థానంలో ఏనుగంత ఫొటో పెట్టాడు.

కత్తెర ఆ ఫొటో బరువు తగ్గించలేదు. దాని వెనక వాక్యం మార్చలేదు. ఏమీ చేయలేదు. పగ తీర్చుకోవడానికి ఆమె చేసిన పెద్ద పని అదే.

ఆ వారమే కంపెనీ సిబ్బంది అందరి సమావేశం. అన్ని శాఖల వ్యాసాలకూ మొదటిపేజీనే అధిపతిగా ప్రకటించబోతున్నారని, అంటే ఆయన కుర్చీకి ఇంకో కుర్చీ ఎత్తు కలుస్తుందని, అందరికీ తెలుసు. ఆయన వేదికెక్కి, తన కలం బలం చూపిస్తానని ఆ పేజీనే పెద్ద తెర మీద తెరిచాడు. శీర్షిక వచ్చింది. కింద ఆయన పేరు వచ్చింది. హాల్లో నెట్టు అసలే నత్త. ఏనుగు గుమ్మంలో ఇరుక్కుంది. ఫొటో రావలసిన చోట ఖాళీ చట్రం, అందులో ఒక వాక్యం. ముందు వరసలో ఉన్న కంపెనీ యజమానురాలు కళ్ళజోడు సర్దుకుని పైకే చదివింది:

“పక్కవాళ్ళ రాతకి తన పేరు తగిలించుకుని, కాళ్ళు చాపుకు కూర్చున్న అధికారి.”

చట్రంలో పైనుంచి ఆయన నుదురు సన్నగా దిగడం మొదలైంది.

“ఇది మీరే రాశారా?” అని అడిగింది యజమానురాలు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాశానంటే తన గురించి తనే రాసుకున్నట్టు. రాయలేదంటే వాక్యం నిజమైనట్టు.

“నేను రాయలేదు మేడమ్,” అన్నాడు చివరికి.

“మరి కింద మీ పేరుందిగా?”

అప్పటికి తెర మీద మీసం దాకా వచ్చింది.

“మరి ఇది ఎవరు రాశారు? మీ పేరే ఉన్న ఆ వెన్నునొప్పిది ఎవరు రాశారు?” అంది యజమానురాలు.

“ఆమే,” అని కత్తెర కూర్చున్న వైపు చూపించాడు. “అదీ ఆమే రాసింది.”

కత్తెర లేచి నిలబడలేదు. నవ్వలేదు కూడా. ఆ మాట అత్తగారికి వినిపించడానికి ఫోనులో రికార్డు చేసుకుంది.

యజమానురాలు కుర్చీల మనిషి. కర్ర పుచ్చినా ముక్కలు పనికొస్తాయంటుంది. మొదటిపేజీని తీసెయ్యలేదు. గోదాములో ఉన్న ప్రతి కుర్చీ ఫొటోకూ ఆల్ట్ టెక్స్ట్ రాసే పని ఇచ్చింది. సరిచూసే పని కత్తెరకు. ఆయన ‘నల్ల కుర్చీ’ అని రాసి పంపేవాడు. చేతులున్నాయా, చక్రాలున్నాయా, చూపు లేని మనిషి ఏమనుకుని కొనాలి సార్ అని ఎంతో మర్యాదగా అడిగి ఆమె తిప్పి పంపేది. రెండోసారి కూడా తిప్పేది. మూడోసారి బాగానే ఉన్నా, ఒక పూట ఆగి తిప్పేది.

వెన్నునొప్పి పేజీకి కత్తెర పేరు తిరిగి వచ్చింది, కొత్త ఫొటో కూడా వచ్చింది. మిషను ముందు కూర్చున్న అత్తగారు, వెనక నుంచి. దానికీ వాక్యం ఆయనే రాయాలి. ‘ఒక స్త్రీ నడుము’ అని రాశాడు.

“ఎవరి నడుము సార్?” అంది కత్తెర.

ఆయన ఒక్కో అక్షరమే కొట్టాడు: ‘ఈ వ్యాసం రాసిన ఎడిటర్ అత్తగారి నడుము.’ ఆమె సరేనంది.

ఆ రోజు ఇంట్లో అత్తగారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆ వాక్యాన్ని చదివించుకుని వింది. మళ్ళీ చదివించుకుంది.

“ఇది రాసింది వాడేనా?” అని అడిగింది.

“వాడే అత్తయ్యా.”

“మరి వాడి పేరెక్కడా లేదేంటే?”

“పేరు కోసం పనిచేసేవాళ్ళు పైకి రారట,” అంది కత్తెర.