పోతమ్మ కాలు

దేవకుమారి సిస్టరు కారు కొన్న ఏడాదికి కంచరపాలెంలో ఆ కారుని తోయని మగాడంటూ మిగల్లేదు. రైలు గేటు దగ్గర టీ తాగేవాళ్ళు ఆ నల్ల బండి ముక్కు కనబడగానే గ్లాసులు కింద పెట్టేసేవారు, ఎలాగూ పిలుపు తప్పదు కదా అని. హారను మోగేది, సెల్ఫు గిర్రున తిరిగేది, ఇంజను మాత్రం పలికేది కాదు. దిగి పదడుగులు తోస్తే చాలు, ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ఎందుకాగిందో, ఎందుకు కదిలిందో చెప్పినవాడు లేడు.

దేవకుమారి మిషన్ డిస్పెన్సరీలో నర్సు. పాతికేళ్ళుగా పురుళ్ళు పోస్తోంది. పద్మనాభం చుట్టుపక్కల పల్లెలకి ఆ రోజుల్లో పూటకో బస్సు. నొప్పులు బస్సు టైము చూసుకుని రావు గనక కారు కొనాలని పంతం పట్టింది. షిప్‌యార్డులో ఎలక్ట్రీషియనుగా చేసి పోయిన కృపాకర్ గారి పాత కారుని ఆయన భార్య జయశీల అమ్ముతోందని చర్చిలో విని కొనేసింది. "మా ఆయన చేతిపని చాలా ఉంది ఇందులో. దీన్ని దొంగలు ఎత్తుకుపోలేరనేవారు" అని జయశీల కళ్ళు తుడుచుకుంది. దీన్ని ఎత్తుకుపోయే దొంగ ఇంకా పుట్టలేదులే అని దేవకుమారి లోలోపల నవ్వుకుంది. ఆ మాట అప్పుడే కాస్త చెవినేసుకుని ఉంటే ఇంత కథ ఉండకపోను.

నిరుడు వానల్లో ఒక పల్లెకి పురుడు పొయ్యడానికి వెళ్తుంటే, అడవివరం దాటాక, మనిషన్నవాడు లేని చోట కారు ఆగింది. సెల్ఫు తిప్పి తిప్పి బ్యాటరీ నీరసించిపోయింది. వెంట ఉన్నది డిస్పెన్సరీలో ఆయాగా, పల్లెల్లో మంత్రసానిగా పనిచేసే పోతమ్మ ఒక్కతే. ఆమె బురదలో కాళ్ళు తన్నిపట్టి తోసింది, కారు అంగుళం కదల్లేదు. ఎడ్లబండి వాళ్ళెవరో వచ్చి సాయం పట్టేసరికి గంట గడిచింది. వీళ్ళు వెళ్ళేసరికి ఆ ఇంటి కోడలు తాయారు తొలిచూలు బిడ్డ ఎదురుకాళ్ళతో సగం బయటపడి, ఊపిరి తీయకుండానే పోయాడు. పంతొమ్మిదేళ్ళ తాయారు ఏడవలేదు. "ఇంకాసేపు ముందొస్తే బతికేవోడా సిస్టరమ్మా?" అని మాత్రం అడిగింది. దేవకుమారి అబద్ధం చెప్పలేకపోయింది.

తాయారు అత్త నారాయణమ్మ సిస్టరుని ఒక్క మాటా అనలేదు. పోతమ్మనే చూసి అంది. "సిస్టరమ్మ ఒక్కర్తీ వొచ్చినప్పుడు బండి బాగానే వొత్తాది. ఇది ఎక్కితేనే ఆగుతాది. దీని కాలు మంచిది కాదు."

ఆ మాట ఊళ్ళు పాకింది. మంత్రసాని బతుకే కాలి మీద నడిచే బతుకు. కాలు మంచిది కాదన్న మనిషిని ఏ గుమ్మం రానిస్తుంది? ఇరవయ్యేళ్ళుగా పోతమ్మ చూలాలి కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెబితే అది తప్పింది లేదు. పురుడయ్యాక తొమ్మిదో రోజుదాకా అక్కడే ఉండి, తల్లికీ బిడ్డకీ నీళ్ళుపోసి, తీరిగ్గా బస్సులో వచ్చే మనిషి. అలాంటిదాన్ని పట్టుకుని ఆ మాటన్నందుకు దేవకుమారికి ఒళ్ళు మండిపోయింది. కారుకి రోగముంటే కారుకే ఉంది, అది కనిపెట్టి తీరాలనుకుంది.

గేటు పక్క షెడ్డు మెకానిక్కు సన్యాసిరాజు కాయిల్ మార్చాడు, కండెన్సర్ మార్చాడు, ప్లగ్గులన్నీ మార్చాడు. కారు అతని షెడ్డు ముందు రెండ్రోజులు నిలబడి ఒక్కసారీ ఆగకుండా గుర్రుగుర్రుమంటూనే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రోడ్డు బాగోలేదన్నాడు. చివరికి అమ్మేసుకోమన్నాడు. "ఇంకో మనిషికి అంటగట్టడానికా? జబ్బేమిటో తెలీకుండా పేషెంటుని నేనెప్పుడూ పంపెయ్యలేదు" అని దేవకుమారి లేచొచ్చేసింది.

వచ్చి, తనకి తెలిసిన వైద్యమే మొదలుపెట్టింది. వార్డులో జ్వరం చార్టు రాసినట్టు కారుకీ ఒక చార్టు రాసి వంటింటి తలుపుకి మేకు కొట్టి తగిలించింది. ఏ రోజు ఆగింది, ఎక్కడ ఆగింది, ఎండా వానా, ట్యాంకులో పెట్రోలెంత, మిట్టా పల్లమా, అన్నిటికీ గళ్ళు గీసింది. బండిలో ఎవరున్నారన్న గడి మాత్రం గీయలేదు. మూఢనమ్మకానికి తన చార్టులో చోటివ్వనంది, ఎవరేమన్నా పోతమ్మని వెంటబెట్టుకెళ్ళడం మానలేదు. నెలలు గడిచాయి, చార్టు నిండింది, జబ్బు మాత్రం దొరకలేదు. ఒక్కటే తేలింది. వెళ్ళేటప్పుడే ఆగుతుంది, తిరిగొచ్చేటప్పుడు ఎన్నడూ ఆగదు.

ఈలోగా తాయారుకి మళ్ళీ నెలలు నిండాయి. పురిటికి పట్నం తెచ్చేయమని దేవకుమారి అంటే నారాయణమ్మ ససేమిరా అంది. సిస్టరు రావచ్చుగానీ పోతమ్మ తమ గడప తొక్కకూడదని కబురు పెట్టింది. ఇద్దరం వస్తాం, వేళకి వస్తాం అని దేవకుమారి తిరుగు కబురంపింది.

"నాను రాను సిస్టరమ్మా" అంది పోతమ్మ, నేల వంక చూస్తూ. "ఊరంతా అంటంటే ఏదో ఉండే ఉంటాది. ఆ పిల్లకి ఈపాలైనా మంచి జరగనీ."

పోతమ్మ కూడా నమ్మేసిందన్నమాట. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా దేవకుమారి చార్టు ముందు నిలబడింది. ఎవరున్నారన్న గడి అప్పుడు గీసింది. ఊళ్ళ వాళ్ళ నోరు మూయించడానికే గీసింది. ఒక్కో తేదీ గుర్తుచేసుకుంటూ పోతమ్మ, పోతమ్మ, పోతమ్మ అని రాసుకుపోయింది. మే నెలలో ఒకసారి పల్లెకి కాదు, సింహాచలం దారిలో ఆగింది. హమ్మయ్య, ఇదొకటి వేరే అనుకుంది. అంతలో గుర్తొచ్చింది, అది చందనోత్సవం రోజు. పోతమ్మకి అప్పన్న నిజరూపం చూడాలని ఉందంటే తనే కొండ కిందదాకా దింపింది. ఆగిన ప్రతిసారీ పోతమ్మ ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఆగకపోవడమూ అందుకే, పోతమ్మ బస్సులో వస్తుంది గనక.

కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. కానీ నచ్చలేదని థర్మామీటరులో అంకె చెరిపేసే నర్సు కాదామె. నారాయణమ్మ చూసింది నిజమే, కారణమే వేరు ఉండాలి. ఆ కారణం ఏమిటో తను ఏడాదిగా చూడనని మొండికేసి కూచుంది.

మర్నాడు పొద్దున్నే కారుని షెడ్డుకి తోలి, పోతమ్మని వెనకెక్కించి, ఇంజను ఆపకుండా ఉంచమని సన్యాసిరాజుకి చెప్పింది. పోతమ్మ సీటు అంచున ముడుచుకుని కూచుంది. అరగంటైనా కారు ఆగలేదు. సన్యాసిరాజు బీడీ ముట్టించి, ఇంక ఇంటికెళ్ళమన్నట్టు చూశాడు. దేవకుమారి మాత్రం పోతమ్మనే చూస్తోంది. ఏదో తేడాగా ఉంది. చాలాసేపటికి అర్థమైంది, పోతమ్మ సీటు మీద కూచోవడం తనెప్పుడూ చూడలేదు.

"పోతమ్మా, రోజూ ఎలా కూచుంటావో అలా కూచో."

పోతమ్మ పరాయి మగాడి ముందు సిగ్గుపడుతూ సీటు మీంచి జారి కింద కూచుంది. పురుటి మందుల ట్రంకుపెట్టెని ఒళ్ళో పట్టుకుంది. చోటు చాలక కాళ్ళు రెండూ డ్రైవరు సీటు కిందకి దూర్చింది. కారు నాలుగు సార్లు దగ్గి ఆగిపోయింది.

సన్యాసిరాజు బీడీ పారేసి వచ్చాడు. కాలు జివ్వుమందా అని పోతమ్మని అడిగాడు. ఎప్పుడూ అంటుందనీ, ముడుచుకు కూచుంటే వచ్చే తిమ్మిరేమో అనుకున్నాననీ పోతమ్మ చెప్పింది. అతను డ్రైవరు సీటు ఊడదీశాడు. దాని అడుగున, ఎవరి కంటా పడని చోట, చిన్న స్విచ్చు ఉంది. పై మూత ఎప్పుడో ఊడిపోయి రాగితీగ బయటపడింది. పోతమ్మ కాళ్ళు మరీ లోపలికి దూర్చినప్పుడు ఆమె వెండి కడియం ఒక పక్క ఆ తీగకి, ఇంకో పక్క సీటు ఇనప పట్టీకి సరిగ్గా ఆనుతోంది.

"ఈ వైరు బాడీకి తగిల్తే మెరుపు ప్లగ్గులకి ఎల్లదు. ఇంజను గప్పున సచ్చిపోద్ది" అన్నాడు సన్యాసిరాజు. "దొంగలు ఎత్తుకుపోకుండా ఎట్టుకున్నాడు పాత ఓనరు మారాజు."

తోయడానికని పోతమ్మ దిగేది, కడియం వైరుని వదిలేది, కారు కదిలేది. ఏడాదిపాటు టీ గ్లాసులు పక్కన పెట్టి చెమటోడ్చిన మగాళ్ళందరి బలం అంతే. దేవకుమారికి నవ్వొచ్చింది. పోతమ్మ మొహం చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"అయితే నారాయణమ్మ అన్నది నిజమే గదా సిస్టరమ్మా" అంది పోతమ్మ మెల్లగా. "ఆ బిడ్డ పోయినాది నా కాలు వల్లే గదా."

దేవకుమారి ఆమె పక్కన చతికిలబడింది, షెడ్డు నేల మీదే, గ్రీజు మరకల్లో తెల్ల చీరతో. "కాలు నీదే. కానీ అది సీటు కిందకి ఎందుకెళ్ళింది? నాతో సమానంగా సీటెక్కకూడదనుకున్నావు. కింద కూచోకే అని మొదట్లో రెండుసార్లన్నాను. మూడోసారి అనడం మానేశాను. నువ్వు కింద కూచోవడం నాకూ అలవాటైపోయింది. గడి గీయకుండా ఏడాది గడిపిందీ నేనే. తప్పు ఎవరిదో చార్టులో రాయాలంటే ముందు నా పేరు రాస్తాను."

కడియాలు తీసేస్తే సరిపోతుందిగా అన్నాడు సన్యాసిరాజు. అవి ఆమె పెళ్ళినాటివనీ, తియ్యాల్సింది ఆ వైరనీ దేవకుమారి కసిరింది. సాయంత్రానికల్లా స్విచ్చుని వైరుతో సహా పీకించేసింది.

మూడోనాడు మొదటి బస్సులో తాయారుకి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. దేవకుమారి ముందు తలుపు తీసి పట్టుకుంది. పోతమ్మ వెనక తలుపు వైపు చూసింది. "ఎక్కు, టైము పోతోంది" అంది దేవకుమారి. పోతమ్మ ఎక్కింది, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోంచి ఎదురొచ్చే రోడ్డుని కొత్తగా చూస్తూ. నిరుడు ఆగిన చోటు దగ్గరకొచ్చేసరికి దేవకుమారి స్టీరింగుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. కారు ఆ చోటు దాటి పోయింది. దేవకుమారికి కాసేపు రోడ్డు సరిగ్గా కనబడలేదు.

నారాయణమ్మ గుమ్మానికడ్డంగా నిలబడింది. దేవకుమారి ఏదో అనబోయేలోగా లోపల్నుంచి తాయారు "పోతమ్మత్తా" అని కేకేసింది. నారాయణమ్మ పక్కకి తప్పుకోక తప్పలేదు. పోతమ్మ తాయారు కడుపు మీద చెయ్యి వేసి, ఈసారీ ఎదురుకాళ్ళే అంది. దేవకుమారి తల ఊపి చేతులు కడుక్కుంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. కాస్త నీలంగా పుట్టింది, వీపు మీద రెండుసార్లు తట్టేసరికి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

నీళ్ళు కాగాయి. బిడ్డని ఒళ్ళో పెట్టుకున్న నారాయణమ్మ ఎదుట పోతమ్మ నిలబడి, ఎవరూ అడక్కుండానే చెప్పేసింది. "నిరుడు బండాగినాది నా కడియం వల్లేనమ్మా. నాకు తెలీదు. ఇప్పుడు తెలిసినాది. నీకు సెప్పకుండా పిల్లని ముట్టుకోను."

దేవకుమారి అడ్డం పడి వైరు సంగతంతా చెప్పింది. నారాయణమ్మ విన్నదో లేదో, పోతమ్మ కాళ్ళనే చూస్తూ ఉండిపోయింది. తరవాత పీట లాగి గోడవారగా వేసింది.

"కూకో. కాళ్ళు సాపు" అంది.

పోతమ్మ కూచుని కాళ్ళు చాపింది. నారాయణమ్మ వంగి, మనవరాలిని తన చేతుల్తోనే ఆ కాళ్ళ మీద, కడియాలకి కాస్త పైన పడుకోబెట్టి, నీళ్ళ చెంబు అందుకుంది.