కొరికి చూడని సొరకాయ

సంకటాలు తీర్చమని చేసే ఉపవాసమే సంకటం తెచ్చిపెడితే ఇక ఎవరితో చెప్పుకోవాలి? బిందుమాధవికి ఆ ఆదివారం సరిగ్గా అదే జరిగింది.

సంకటహర చవితినాడు చంద్రుడు కనిపించేదాకా ఆమె మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. వంటలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా చూడదు. దేవుడికి పెట్టకముందే రుచి చూస్తే ఎంగిలి, పైగా ఉపవాసం చెడుతుంది. అందుకని ఆ రోజు కూరలు ఆమె చేతి అంచనా మీద, భర్త చక్రపాణి ఓర్పు మీద నడుస్తాయి. అతను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాడు. ఊరు భీమవరం దగ్గర. తెలంగాణ ఉద్యమం ముదిరి, ఆ సెంటర్ అద్దాల మీద రాళ్లు పడిన నెల నుంచి ఆమె ఈ చవితి పట్టింది. రాళ్లు వేసిందెవరో ఎవరికీ తెలీదు. భయం మాత్రం అందరికీ తెలిసింది.

ఆ భయం బిందుమాధవి నోరు కట్టేసింది. షేర్ ఆటోలో ఒక్క మాట మాట్లాడదు. రైతుబజార్లో వంకాయల్ని వేలితో చూపిస్తుంది. "ఎంతండీ" అంటే చాలు, ఆమె గోదావరి దీర్ఘం పట్టుబడిపోతుంది. నిజం చెప్పాలంటే ఎవరూ ఆమెనేమీ అనలేదు. అంటారేమో అన్నదే ఆమె దిగులు. వీధి చివరి మెస్ యజమాని తన బోర్డు మీద "ఆంధ్రా" అన్న అక్షరాలకి తనే తెల్లరంగు పూసుకున్నాడు. ఆ బోర్డు దాటేటప్పుడు ఆమె కొంగు భుజం నిండా కప్పుకుని నడక పెంచేది.

నోరారా మాట్లాడేది ఒక్క రాములమ్మతోనే. ఎల్బీనగర్ వెనక కాలనీలో వాళ్లు కిరాయికి ఉన్న ఇంటి ఓనరు ఆమె. నల్గొండ పల్లె నుంచి వచ్చి, భర్త జంగయ్యతో కలిసి ఒక్కో గదీ వేసుకుంటూ ఇల్లు కట్టుకున్న మనిషి. గొంతు పెద్దది, పెట్టే చెయ్యి ఇంకా పెద్దది. మేడ మీద పందిరికి సొరతీగ పాకించింది. అది కాసిన ప్రతిసారీ మొదటి కాయ బిందుమాధవి వాళ్లుండే పై పోర్షన్‌కే వచ్చేది.

ఆమె కూతురు సంతోషి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. ఆ పిల్లకి కేకు మీద మనసు పోయింది. కడుపుతో ఉన్న పిల్ల కోరడమూ, బంద్‌లకి బేకరీలు షట్టర్లు దించడమూ ఒకేసారి జరిగాయి. బిందుమాధవి దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల కొట్టు పైన నెల రోజులు బేకింగ్ నేర్చుకుని ఉంది కాబట్టి తను చేసిపెడతానంది. అక్కడి టీచరమ్మ జుకినీ అనే విదేశీ కాయ తురుముతో మఫిన్లనే చిన్న కేకులు నేర్పుతూ, జుకినీ మన బజార్లలో దొరకదు, దొరికినా మనం కొనలేం, సొరకాయ తురిమెయ్యండి, అది దీనికి అక్కే అవుతుంది అని తేల్చేసింది. అది విని రాములమ్మ, మా తీగ ఉండనే ఉందని శనివారం సాయంత్రమే కాయ తెంపి ఇచ్చింది. ఎండలకి తీగ మాడింది, చేదు దిగి ఉండొచ్చు, కొన కొరికి చూసి వండమని కూడా చెప్పింది. చెప్పకపోయినా బిందుమాధవికి తెలుసు. ఏ ఇంట్లోనైనా తొడిమ దగ్గర చిన్న ముక్క నాలుకకి తగిలించాకే సొరకాయ మీద కత్తి ముందుకు నడుస్తుంది.

ఆదివారం పొద్దున ఆ ముక్క కోసి చేతిలోకి తీసుకుంది కూడా. నోటి దాకా వెళ్లాక చవితి గుర్తొచ్చింది. చక్రపాణిని చూడమందామంటే అతను స్నానానికి వెళ్లాడు. ఒకసారి నీళ్లు పోసుకోవడం మొదలుపెడితే అతనికి లోకం పట్టదు. కింద రాములమ్మ వాళ్లు ఎల్బీనగర్ చౌరస్తాకి బయల్దేరే వేళ అవుతోంది. ఇన్నేళ్లలో ఆ తీగ ఒక్క చేదు కాయ కాసిందా అని తనకి తనే సర్దిచెప్పుకుని, ముక్కని సింకు గట్టు మీద పడేసింది.

కాయ తురిమి, నీరు పిండేసి, గోధుమపిండిలో బెల్లం, పెరుగు, కాస్త నూనె, వంటసోడా కలిపింది. వినాయకుడికీ రెండు పెట్టాలి కాబట్టి గుడ్డు లేదు. దాల్చినచెక్క, శొంఠి, యాలకులు, చిటికెడు జాజికాయ దంచి, మామూలు కంటే ఓ చెంచా ఎక్కువే వేసింది. ఓవెన్ అద్దంలోంచి అవి పొంగడం చూస్తూ, కరెంటు పోకుండా కాపాడమని వినాయకుణ్ణి విడిగా వేడుకుంది. కరెంటు పోలేదు. పోయి ఉంటే బాగుండేది.

మసాలా వాసన మెట్లు దిగింది. ఆ వాసనకి సంతోషి మెట్లెక్కి వచ్చి నిలబడింది. ఒకటి తీసుకోబోతే, ఇంకా పొగలు కక్కుతున్నాయి, వేడి మీద వద్దని వెనకే వచ్చిన రాములమ్మ కూతురి చేతి మీద తట్టింది. ఆ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే బంతులు వేసుకుని తింటారు, ఆ పూటకి బండ్లు కదలవు. కేకులు అక్కడికే పట్టుకుపోతాం, అందరం తింటాం అంది రాములమ్మ. అందరూ అనగానే బిందుమాధవికి ముందు భయమేసింది. మరుక్షణమే ఆశ పుట్టింది. తన చేతి తీపి నలుగురు తింటే, తమలాంటివాళ్ల మీద కోపం ఆ మేరకి తగ్గదా? స్టీలు డబ్బా నిండా సర్ది ఇచ్చింది.

సొరకాయ తొక్క పారేసే ఇల్లాలు గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. తొక్క వేయించి, పచ్చిమిర్చి, చింతపండు వేసి పచ్చడి నూరింది. మధ్యాహ్నం చక్రపాణి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, అలాగే లేచి సింకు దగ్గరికి పరిగెత్తాడు. ఉమ్మేసి, పుక్కిలించి, మళ్లీ ఉమ్మాడు. చేదు, నాలుక కొరుక్కుపోయేంత చేదు అన్నాడు. పొద్దుటి ముక్క గట్టు మీదే ఎండుతోంది. దాన్ని నాలుక చివర పెట్టుకున్నాడు. ఈసారి అతని మొహం చూస్తే ఇక అడగాల్సిన పని లేకపోయింది.

కిందటేడు చేదు సొరకాయ రసం తాగి ఒకాయన చనిపోయాడని టీవీలో చెప్పినప్పుడు ఇద్దరూ కలిసే చూశారు. చేదెక్కిన కాయ విషమనీ, వండినా ఆ గుణం పోదనీ డాక్టర్లు చెప్పారు. ఇక్కడ తను బెల్లం పోసి, శొంఠి దంచి, ఆ చేదుని చేతులారా కప్పెట్టింది. ఏడో నెల పిల్ల కోరి చేయించుకున్న కేకు అది. దేవుడి ముందు పెట్టిన రెండూ అలాగే ఉన్నాయి. ఆయన తెలివైనవాడు, ముట్టలేదు.

రాములమ్మకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. డప్పుల మోతలో ఎవరికి వినిపిస్తుంది? చెప్పులు వేసుకుంటుంటే చక్రపాణి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. అతను చెడ్డవాడు కాదు. పిరికివాడు కూడా కాదు. కానీ ఆ అద్దాలు పగిలిన రోజు క్లాసులో ఉన్నవాడు.

"నువ్వు వెళ్లి చేదు అంటావు. సాయంత్రానికి అది ఆంధ్రావాళ్లు విషం పెట్టారని ఊరంతా తిరుగుతుంది," అన్నాడు. "కాయ వాళ్ల తీగదే అని అప్పుడు ఎంతమందికి చెప్పుకుంటావు?"

"సంతోషికేమైనా అయితే?" అంది ఆమె.

అతను గుమ్మంలోంచి పక్కకి జరిగాడు. తనూ వస్తానన్నాడు. మగమనిషి వెంట ఉంటే మాట మీద మాట పెరుగుతుందని ఆమే వద్దంది.

ఖాళీ కడుపుతో, ఎండలో, షట్టర్లు దించిన కొట్ల మధ్య నుంచి నడిచింది. నడుస్తున్నాననుకుంది గానీ పరిగెడుతోంది. చౌరస్తా దగ్గర పడేకొద్దీ డప్పులు కడుపులోనే మోగుతున్నట్టున్నాయి. గులాబీ జెండా పట్టుకున్న ఒకతను ఎక్కడికని అడిగాడు. నోరు విప్పకుండా టెంటు వైపు చెయ్యి చూపించింది. అక్కడ రోడ్డు పక్కన ఒకామె వంగి కూర్చుని కనిపిస్తే వాంతి చేసుకుంటోందనుకుని బిందుమాధవి అటు పరిగెత్తింది. ఆమె బియ్యం కడుగుతోంది. ఇంకొంచెం ముందుకి వెళ్లేసరికి అంబులెన్సు కూత వినిపించింది. జనం గబగబా పొయ్యిలు జరిపి దారి ఇచ్చారు. అది వాళ్లని దాటుకుని దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లిపోయింది. లోపల పడుకున్నదెవరో కనిపించలేదు. సంతోషే అనుకుంది బిందుమాధవి. తనని ఈ జనం ఏం చేసినా చేసుకోనీ గానీ ఆ పిల్ల బతకాలని, ఉన్న దేవుళ్లందరికీ మొక్కేసింది.

రాములమ్మ పెద్ద గుండిగలో పప్పు కలుపుతోంది. బిందుమాధవిని చూసి ఉలిక్కిపడింది. పక్కన ఆమె చుట్టం ముత్తమ్మా, మరికొందరు ఆడవాళ్లూ ఉన్నారు.

"గిట్ల ఉరికొచ్చినవేంది బిడ్డా, గింత ఎండల?"

కేకులు ఏం చేశారని అడిగింది బిందుమాధవి. రాములమ్మ గుండిగలోకే చూస్తూ గంటె తిప్పింది.

"తిన్నం బిడ్డా. మస్తుగున్నయి. సంతోషైతే రెండు తిన్నది."

ఇక బిందుమాధవికి తన యాస గుర్తు లేదు, చుట్టూ ఎవరున్నారో గుర్తు లేదు. రాములమ్మ మణికట్టు పట్టుకుంది.

"పిన్నిగారూ, ఆ కాయ చేదండీ. ఉపవాసమని నేను రుచి చూళ్లేదు. అది విషమండీ. సంతోషిని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్దాం రండి."

ఆ గోదావరి దీర్ఘం టెంటు ఆ చివరిదాకా వినిపించింది. తిరుగుతున్న గంటెలు ఆగాయి. ముత్తమ్మ లేచి నిలబడి, బిందుమాధవిని కింది నుంచి పై దాకా చూసింది. ఆ చూపుకి భయపడే బిందుమాధవి ఇన్నాళ్లూ నోరు మూసుకుని బతికింది. రాములమ్మ గంటె పక్కన పెట్టి, బిందుమాధవి చెయ్యి పట్టుకుని టెంటు వెనక్కి తీసుకెళ్లింది.

అక్కడ చాప మీద సంతోషి కదలకుండా పడుకుని ఉంది. బిందుమాధవి మోకాళ్ల మీద పడి ఆమె భుజం కుదిపింది. సంతోషి కళ్లు తెరిచి, ఆవలించి, ఏందక్కా అంది. రాములమ్మ పక్కనున్న ఖాళీ బియ్యం సంచి ఎత్తింది. దాని కింద స్టీలు డబ్బా ఉంది. మూత తీసింది. పొద్దున సర్దిన మఫిన్లు సర్దినట్టే ఉన్నాయి.

"ఎవ్వలు తినలే," అంది రాములమ్మ నేల చూస్తూ. "ఎవ్వలు జేసిన్రని ముత్తక్క అడిగింది. మా మీద ఉండే ఆంధ్రామె అన్న. అందరి చేతులు ఎనక్కి పోయినయి. సంతోషొక్కతే ఒకటి తీసుకున్నది."

తర్వాత కూతురి వైపు చూసింది.

"దాని చేతులకెల్లి నేనే గుంజుకున్న బిడ్డా."

బిందుమాధవికి ముందు ప్రాణం లేచివచ్చింది. ఎవరూ తినలేదు. సంతోషి తినలేదు. చాప మీదే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు సగంలో ఉండగా రెండో మాట లోపలికి దిగింది. తను ఈ ఊళ్లో నోరు విప్పి మాట్లాడే ఒకే ఒక్క మనిషి, తను చేసిన కేకుని కూతురి చేతిలోంచి లాగేసుకుంది. తనని అనుమానించిందని కోప్పడదామంటే, ఆ అనుమానమే పిల్లని కాపాడింది. కాపాడిందని దణ్ణం పెడదామంటే, అది తన మీది అనుమానం. ఏం చెయ్యాలో తెలీక కొంగుతో మొహం తుడుచుకుంది.

రాములమ్మ ఒక మఫిన్ విరిచి, చిన్న పలుకు నాలుక మీద వేసుకుంది. కొద్దిసేపు తీపి తగిలినట్టుంది. తర్వాత మొహం మారిపోయి, దూరంగా పోయి ఉమ్మేసింది.

"నా తీగ కాయనే," అంది గొంతు తగ్గించి. "నా చేతులతోటి తెంపిచ్చిన."

ముత్తమ్మ, ఆమె వెనక ఇంకో ఇద్దరు టెంటు పక్కకి వచ్చి ఏం జరిగిందని నిలదీశారు. బిందుమాధవి లేచి నిలబడింది. ఇప్పుడు రాములమ్మ ఒక్క మాట అటూ ఇటూ అన్నా చాలు, చక్రపాణి చెప్పిందంతా జరుగుతుంది. రాములమ్మ తన పెద్ద గొంతుతోనే చెప్పింది. కాయ తనదని, తన తీగ చేదెక్కిందని, ఆ ముచ్చట తెలిసి ఈ పిల్ల పానం లెక్కచెయ్యక ఉరికొచ్చిందని. ముత్తమ్మ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నమ్మిందో లేదో చెప్పకుండా వెళ్లిపోయింది. డబ్బాలోవన్నీ రాములమ్మే చెత్త డ్రమ్ములో గుమ్మరించింది.

అప్పటికి బంతులు వేశారు. తారు రోడ్డు మీద వరసగా విస్తళ్లు. బిందుమాధవి ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. ఇప్పుడు వీపు చూపిస్తే అది ఏదో ఒకటి ఒప్పుకున్నట్టే అవుతుందని భయమేసింది. వరస చివర కూర్చుంది. వడ్డించడానికి వచ్చిన రాములమ్మ ఆగిపోయింది.

"నీకు ఒక్కపొద్దు గద బిడ్డా?"

"పెట్టండి పిన్నిగారూ."

అన్నం, దాని మీద గోంగూర పప్పు పడ్డాయి. బిందుమాధవి కలిపింది. ముద్ద చేసి ఎత్తింది. నోటి ముందు చెయ్యి ఆగింది. చవితి గుర్తొచ్చి కాదు. ఇందులో ఏముందో అన్న ఆలోచన ఎక్కడి నుంచో వచ్చి ఆ చేతిని పట్టుకుంది. పొద్దున డబ్బా ముందు వెనక్కి పోయిన చేతులు ఎలా ఉండి ఉంటాయో ఆమెకి అప్పుడు తెలిసింది. సిగ్గుతో మొహం వేడెక్కింది. చెయ్యి మాత్రం కదల్లేదు.

రాములమ్మ అది చూసింది. పప్పు గిన్నె కింద పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుంది. బిందుమాధవి విస్తట్లోంచే ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. తొందర లేకుండా నమిలింది, మింగింది, అక్కడే కూర్చుని చూసింది. ఎంగిలి అన్న మాట ఇద్దరికీ గుర్తు రాలేదు.

అప్పుడు బిందుమాధవి తిన్నది. పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఆ మాట పైకి అనడానికి ఆమెకి ఇంకా ధైర్యం చాలలేదు.