మారికుప్పం రైలు పాట

అమృతరాజు పాడుతుంటే మా నాన్న అంగట్లో బేరం ఆపి, తక్కెడ కింద పెట్టి వినేవాడు. మా నాన్న తక్కెడ కింద పెట్టడమంటే మాటలు కాదు.

అమృతరాజు మా ఊరి బంగారు గనిలో హాజరు రాసే గుమాస్తా. గనులు సర్కారు చేతికి వచ్చిన కొత్తలో మద్రాసు వెళ్ళి మూడు ప్రేమపాటలు రికార్డు ఇచ్చి వచ్చాడు. మూడూ మోగిపోయాయి. రాబర్ట్‌సన్‌పేట హోటళ్ళలో కాఫీ లేకపోయినా గడిచేది కానీ, మారికుప్పం రైలు పాట లేకపోతే గడిచేది కాదు. రైల్లో వచ్చే పిల్ల కోసం ఒకడు స్టేషన్లో ఎదురుచూస్తాడు, చివరి చరణంలో ఆమె దిగుతుంది. అంతే పాట. ఆ పిల్ల ఆగ్నెస్ అని ఊరంతటికీ తెలుసు. చర్చిలో రెండు ఆదివారాలు వాళ్ళ పెళ్ళి ప్రకటన చదివారు. మూడో ఆదివారం ఒక్కటే మిగిలింది, అదీ చదివితే ఇక పెళ్ళే.

నా పేరు శంకరనారాయణ. మైకుసెట్ల అంగడి. అతని కచేరీలన్నిటికీ సెట్టు నాదే, పొగరు కూడా నాదే.

ఆ మూడో ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం కూలీల హాల్లో కచేరీ. పెళ్ళికూతురు రాకూడదని ఆగ్నెస్‌ను వాళ్ళమ్మ ఇంట్లోనే కూర్చోబెట్టింది. హాల్లో పట్టనివాళ్ళ కోసం ఒక మైకు హారన్ బయట స్తంభానికి, గని వైపు తిప్పి కట్టాను. రెండో పాట అవుతుండగా నేల అదిరింది. గాజుగ్లాసులు గలగలమన్నాయి. లోతున రాయి పగిలితే పైన మా ఊరు ఊగడం రోజూ ఉండేదే. తినే ముద్ద కూడా ఆపం. అమృతరాజు నవ్వాడు.

“భూమి కూడా తాళం ఏస్తా ఉండాది, చూడండప్పా!”

హాలంతా ఈలలు. రైలు పాట అందుకున్నాడు.

నేను బయట వరండాలో ఆంప్లిఫయర్ దగ్గర ఉన్నాను. గనిలో ప్రమాదమని సైరన్ మోగింది. బయటివాళ్ళు అటు పరుగెత్తారు, పాట ఆపగలిగినవాళ్ళలో అది విన్నది నేనే. సైరన్ మోగితే పెళ్ళిమేళమైనా ఆగాలి, అది మా ఊరి కట్టుబాటు. తలుపులు మూసిన హాల్లో, ఆ హోరులో, వాళ్ళకది వినిపించదు. నా చెయ్యి స్విచ్చి మీదే ఉంది. మిగిలింది ఒక్క చరణమే కదా అనుకున్నాను. ఆ పాటంటే నాకంత పిచ్చి.

ఆ చరణం గని వాకిట్లోకి పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్ళందరి చెవుల్లో పడింది. వాళ్ళలో ఆగ్నెస్ కూడా ఉంది. ఆమె తమ్ముడు విల్సన్ ఆ షిఫ్టులో దిగాడు. తెల్లారేసరికి నలుగురి శవాలు పైకి తెచ్చారు. మూడోవాడు విల్సన్.

సైరన్ విని కూడా పాడాడని ఊరు తీర్మానించింది. ఆగ్నెస్ నిశ్చితార్థపు ఉంగరం తిప్పి పంపింది. హోటళ్ళవాళ్ళు రికార్డులు పగలగొట్టారు. అమృతరాజు మళ్ళీ పాడలేదు. ఒక్కసారి మాత్రం నన్నడిగాడు.

“నీకు ఇనబడింది కదప్పా?”

నేను తల దించుకున్నాను.

“పోనీలే. ఎవరికీ చెప్పొద్దు. నీకు అంగడి ఉండాది, పిలకాయలు ఉండారు.”

చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళు ఆ మాట చాటునే దాక్కున్నాను. నాలాంటి పిరికివాడికి అంతకంటే ఏం కావాలి?

పోయిన నెల అమృతరాజు నిమోనియాతో పోయాడు. సమాధి చేసిన మర్నాడు ఆగ్నెస్ మా అంగడికి వచ్చింది. ఆమె ఇంకెవరినీ చేసుకోలేదు. జుట్టు సగం నెరిసింది.

“శంకరన్నా, ఒక మాట అడగాల. ఆ దినం ఆయనకి సైరన్ ఇనబడిందా?”

“లేదమ్మా. నాకు ఇనబడింది. నేనే ఆపలేదు.”

ఆమె తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

“ఈ మాట పోయిన వారం చెప్పింటే, పోయి ఆయన చెయ్యన్నా పట్టుకుండేదాన్ని కదన్నా.”

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

“ఆ రికార్డు ఉండాదా?”

దాచిపెట్టిన ఒక్కటీ తీసి గ్రామఫోన్ మీద పెట్టాను. పాటలో రైలొచ్చి ఆగింది. చివరి చరణానికి అమృతరాజు గొంతు ఎత్తుకుంటుండగా ఆమె చెయ్యి పైకి లేపింది.

“చాలు. ఆపన్నా.”

ఈసారి వెంటనే ముల్లు ఎత్తేశాను.