పదిహేడు పలకట్లేదు

పొద్దున తొమ్మిదింటికి చెల్లెలు కేంద్ర గ్రంథాలయంలో తన బల్ల దగ్గర కూర్చుని ఒక్క మీట నొక్కుతుంది. ఆమె రాసిన స్క్రిప్టు, అంటే ఓ చిన్న ప్రోగ్రాము, నలభై శాఖా గ్రంథాలయాలకు వెళ్లి, అక్కడి విండోస్ కంప్యూటర్లను ఒక్కొక్కదాన్నీ పలకరిస్తుంది. బాగున్నావా, ఖాళీ జాగా ఎంతుంది, నీ ముందు కూర్చున్నదెవరు అని అడుగుతుంది. బదులిచ్చిన మిషన్ వరస తెరమీద పచ్చగా, ఇవ్వనిది ఎర్రగా పడుతుంది.

ఆమె కళ్లు ముందు పదిహేడో వరస మీదికి పోతాయి. ఆ శాఖలో ఆ మిషన్ ముందు కూర్చునేది అక్క.

అక్కాచెల్లెళ్లకు మాటల్లేక పద్నాలుగు నెలలు. అమ్మకు ఒంట్లో బాగోలేదని అక్క పదే పదే ఫోన్ చేసిన రోజున, చెల్లెలు మిషన్లన్నిటికీ అప్‌డేట్లు ఎక్కిస్తూ ఫోన్ నోరు నొక్కి సొరుగులో పడేసింది. తీసి చూసుకుని పరుగెత్తేసరికి అమ్మ లేదు. గుమ్మంలోనే అక్క అంది, "నీకు మిషన్లు పలికితే చాలే. మనుషులు పలక్కపోయినా ఫరవాలేదు."

ఆ తర్వాత చెల్లెలు అక్కకు ఫోన్ చేయలేదు. రోజూ పదిహేడో వరసలో అక్క పేరు పచ్చగా కనిపిస్తే, వచ్చింది, కూర్చుంది, బాగానే ఉంది అనుకుని అప్పుడు మంచినీళ్లు తాగేది. కడసారి చూపు దక్కనివాళ్లకు ఎవరు కాస్త కనుమరుగైనా మనసు నిలవదు.

ఇవాళ పదిహేడు ఎర్రగా ఉంది.

మళ్లీ నడిపించింది. ఎరుపే. ఆ ఒక్కదానికే విడిగా పంపింది. ఎరుపే.

"పదిహేడు పలకట్లేదండీ," అంది పక్క బల్ల దగ్గరి కళ్లజోడాయనతో.

"అలిగిందేమోనండీ. మధ్యాహ్నానికి అదే దారికొస్తుంది."

"రోజూ అన్నిటికంటే ముందు పలికేది."

"మిషన్లకి మాత్రం ఒంట్లో బాగోకుండా ఉండదా మేడమ్?" అని ఆయన నవ్వాడు.

అక్క వాళ్ల గ్రంథాలయం ఫోన్‌కు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఇక మిగిలింది అక్క నంబరు. అక్క ఎత్తకపోతే అది కోపమో, ఇంకేమైనా అయిందో ఇక్కడ కూర్చుని తేల్చుకునేదెట్లా? నొక్కింది. మోగుతోంది. ఆ రోజు సొరుగులో తన ఫోన్ కూడా ఇలాగే వణుకుతూ ఉండి ఉంటుంది.

"ఊఁ," అంది అక్క.

"అక్కా! బాగున్నావా? మిషన్ పలకట్లేదు..."

"ఓహో. మిషన్ కోసమా చేశావు?"

"కాదక్కా. నీ కోసమే. ఏమైంది?"

"ఏమీ కాలేదే. పొద్దున ఊడుస్తుంటే ఆయమ్మ కాలికి తగిలి మిషన్ కరెంటు వైరు ఊడింది."

"చూసుకుని పెట్టొద్దూ! ఇక్కడ నా ప్రాణాలు పోయాయి."

"చూశాను. పెడదామని వంగాను కూడా. రోజూ అక్కణ్ణుంచి చూస్తావని తెలుసు. పలక్కపోతేనన్నా పిలుస్తావేమో అనిపించింది."

చెల్లెలు ఫోన్ పక్కకు తిప్పి ముక్కు ఎగబీల్చింది.

"ఉన్నావా? ఏడవకు మొద్దూ. ఇక్కడ పుస్తకాలు పట్టుకుని జనం నిలబడ్డారు. సరే, పెట్టేస్తున్నా."

"వద్దక్కా! పెట్టకు, పెట్టకు!" కుర్చీలోంచి లేచి నిలబడింది. కళ్లజోడాయన బిత్తరపోయి చూశాడు.

"వైరేనే పిచ్చిదానా, ఫోన్ కాదు."

బల్ల కిందికి అక్క వంగుతున్న చప్పుడు వినబడింది. మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, "అమ్మా" అని మూలిగింది. మిషన్ లేవడానికి ఇంకా మూడు నాలుగు నిమిషాలు పడుతుందని తెలిసి కూడా, చెల్లెలు ఫోన్‌ను చెవికి అదిమిపెట్టుకుని రెండో చేత్తో మీట నొక్కింది.