పేరుతో మొదలు

కర్నూలు మిషను ట్రైనింగు బడిలో రాహేలమ్మ ఇంగ్లీషు చెబుతుంది. ఆ ఏడు ఆమె మీద ఒక కొత్త పని పడింది. రాసుకోకుండా, బట్టీ పట్టకుండా, అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీద నలుగురిలో నిలబడి ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పాలి. లేచిన పిల్ల లేచినట్టే బిగుసుకుపోయేది. చూసి చూసి ఆమె ఒక ఉపాయం చెప్పింది. ఏ విషయమైనా మొదట దాని పేరు, తర్వాత ఉండే చోటు, ఆ తర్వాత చేసే పని.

"పేరు గొంతు దాటితే తక్కినది దాని వెంటే వస్తుంది. పేరు చెప్పకుండా ఇంకో మాట ఎత్తొద్దు."

ఆ మాటను గట్టిగా పట్టుకున్నది కోసిగి నుంచి వచ్చిన సుంకులమ్మ. పెండ్లయిన మనిషి. చీపురు, బావి, మేక, ఏది ఇచ్చినా పేరుతో మొదలుపెట్టి గడగడా చెప్పేది.

"పాసైతే మా ఊరి బళ్లోనే పని ఇస్తారంటమ్మా. మా ఇంటాయన ఇంగ సుగ్గికి పోయే పని ఉండదు" అనేది. కరువుకు ఊరు విడిచి కూలికి పోవడాన్ని వాళ్లు సుగ్గి అంటారు.

"ఫెయిలైతే?" అని పక్కన కూర్చునే గుల్షన్ బీ ఏడిపించేది.

"నేనూ పోతా. కొడవలికి ఇంగ్లీషులో పేరు చెప్పి మరీ కోస్తా."

పరీక్షకు ఇన్‌స్పెక్టరు దొరసాని వచ్చింది. ఎవరైనా పక్కనుంచి మాట అందిస్తే ఆ పిల్ల పరీక్ష చెల్లదని ముందే చెప్పింది. సుంకులమ్మ డబ్బాలోంచి విషయం రాసిన చీటీ తీసింది. 'నా భర్త' అని ఉంది.

నోరు తెరిచింది, మూసింది. వాళ్ల ఊర్లో ఏ ఆడమనిషీ మొగుని పేరు పలకదు. పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని భయం. ఎవరైనా అడిగితే పక్కవాళ్ల చేత చెప్పిస్తారు. సుంకులమ్మ పక్కకు చూసింది. గుల్షన్ బీ తల వంచుకుంది.

పేరు వదిలెయ్, ఊరు చెప్పు తల్లీ, అని వెనక గోడ దగ్గర రాహేలమ్మ ప్రాణం కొట్టుకుంది. ఆ మాట కళ్లతో చెప్పాలని చూసింది. పేరే ముందని మరిచిపోలేదమ్మా అన్నట్టు సుంకులమ్మ తలూపింది.

"చనిపోయాడా?" అని దొరసాని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది.

"నో, మేడం" అంది సుంకులమ్మ. ఆమె నోట వచ్చింది అంతే.

రాహేలమ్మ ముందుకు పోయి సంగతి విప్పి చెప్పుకుంది. దొరసాని ఓపికగా విన్నది. "పాపం" అంది. వేసిన సున్నా దిద్దలేదు.

వసారాలో సుంకులమ్మ కూర్చుని ఉంది.

"పేరు లేకుండా మాట ఎత్తొద్దంటివి గదమ్మా. ఆయప్ప గురించి శానా మాటలుండె."

రాహేలమ్మ పక్కన కూర్చుంది. లోపల గుల్షన్ బీకి చీటీలో గొడుగు వచ్చినట్టుంది. దాని పేరుతో మొదలుపెట్టి తడుముకోకుండా చెబుతోంది. వింటూ సుంకులమ్మ పెదవులు కదుపుతోంది.